మిగిలిన కల్లుతో సిర్కా: బ్యాక్టీరియాతో పని చేయించుకునే పద్ధతి

వర్ధన్నపేట, పరకాల, జనగామ, వరంగల్ చుట్టుపక్కల ఏ ఊళ్లో అడిగినా కల్లు సంగతి చెప్తారు. పొద్దున దించింది తియ్యగా ఉంటుంది, సాయంత్రానికి పులుస్తుంది, మర్నాటికి ఘాటెక్కుతుంది, ఇంకో రెండు రోజులాగితే నోట్లో పెట్టుకోలేం. అలా మిగిలిన కల్లు చాలా చోట్ల మోరీలోకే పోతుంది. తెల్లారకముందే మోకు కట్టుకుని చెట్టెక్కి దించిన కల్లు అది, అలా పారబోస్తుంటే నాకు మనసొప్పదు. పైగా అది పాడైపోలేదు. ఒక రకం బ్యాక్టీరియా పని అయిపోయి ఇంకో రకం పనిలోకి దిగింది, అంతే. ఆ రెండో రకానికి కాస్త గాలి, కాస్త టైమ్ ఇస్తే నెలన్నరలో మంచి సిర్కా, అంటే వెనిగర్, చేతికొస్తుంది.

ద్రాక్షతో వైన్ చేసే పద్ధతి చెప్పొచ్చు కదా అని అడుగుతారేమో. లైసెన్స్ లేకుండా ఇంట్లో మద్యం తయారు చెయ్యడానికి మన ఎక్సైజ్ చట్టం ఒప్పుకోదు, కాబట్టి అది చెప్పను. అసలు ఆ అవసరం కూడా లేదు, ఎందుకంటే కల్లు కూడా ఒక వైనే, చెట్టు రసంతో అయ్యే వైన్. బ్యాక్టీరియా ఏం చేస్తుందో చూడాలనుకునేవాళ్లకి ద్రాక్ష వైన్ కన్నా కల్లే ఎక్కువ చూపిస్తుంది.

లొట్టిలో జరిగేది

పని మొదలుపెట్టే ముందు ఇది చదవండి. ఇది తెలిస్తే తర్వాత చెప్పే ప్రతి మెట్టుకీ కారణం మీకే తడుతుంది.

ఈత చెట్టు, తాటి చెట్టు రసంలో చక్కెర సుమారు 10 నుంచి 15 శాతం దాకా ఉంటుంది. గీత నుంచి అప్పుడే కారిన రసంలో పులుపు దాదాపు ఉండదు. దాన్ని పులియబెట్టడానికి గౌడన్న, అంటే కల్లు గీసే మనిషి, విడిగా ఏమీ కలపడు. లొట్టి (రసం పట్టే కుండ) లోపలి గోడకు అంటుకుని ఉన్నవీ, గీసిన చోట ఉన్నవీ, ఈగల కాళ్లతో వచ్చినవీ కలిసి పని మొదలుపెడతాయి. ముందు దిగేది లాక్టిక్ బ్యాక్టీరియా, అంటే ల్యూకోనోస్టాక్, లాక్టోబాసిల్లస్ రకాలు. కొన్ని గంటల్లోనే ఇవి రసాన్ని పులుపెక్కిస్తాయి. ఆ పులుపు వల్లే కుళ్లబెట్టే బ్యాక్టీరియా చాలావరకు లోపల బతకలేదు. కల్లు ఒక్కోసారి కాస్త జిగటగా అనిపించడానికి కారణం కూడా ల్యూకోనోస్టాకే, చక్కెర నుంచి అది డెక్స్ట్రాన్ అనే బంక పదార్థం తయారు చేస్తుంది.

దాదాపు అదే సమయంలో ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంటుంది, ఆ నురగంతా ఆ గ్యాస్ వల్లే. కల్లులో ఒక విశేషం ఉంది. ద్రాక్ష వైన్‌లో ఆల్కహాల్ చేసేది ఈస్ట్ ఒక్కటే, కల్లులో మాత్రం జైమోమోనాస్ మొబిలిస్ అనే బ్యాక్టీరియా కూడా ఆ పని చేస్తుంది. దీన్ని శాస్త్రవేత్తలు మెక్సికోలో కలబంద లాంటి అగావే మొక్క రసంతో చేసే పుల్కే అనే పానీయంలోనూ గుర్తించారు. అక్కడి పుల్కే, మన కల్లు వేర్వేరు ఖండాలవి, వేర్వేరు మొక్కలవి, అయినా లోపల పనిచేసే బ్యాక్టీరియా ఒకటే కావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఇవన్నీ కలిసి పనిచేస్తే కల్లులో ఆల్కహాల్ మామూలుగా 4 నుంచి 6 శాతం దాకా చేరుతుంది.

చక్కెర అయిపోతున్న కొద్దీ మూడో జట్టు దిగుతుంది, ఎసిటిక్ బ్యాక్టీరియా. దీనికి చక్కెర కన్నా ఆల్కహాల్ ఇష్టం. ఆల్కహాల్‌నీ గాల్లోని ఆక్సిజన్‌నీ కలిపి ఎసిటిక్ ఆమ్లం చేస్తుంది. సిర్కా అంటే నీళ్లలో ఉన్న ఆ ఆమ్లమే. ఆక్సిజన్ లేకపోతే ఇది పనిచెయ్యలేదు. మన పద్ధతి మొత్తం ఈ ఒక్క విషయం మీదే ఆధారపడింది: మొదట గాలి తక్కువ, తర్వాత గాలి ఎక్కువ.

లొట్టి లోపల సున్నం పూస్తే కల్లు అవదు, నీరా, అంటే పులియని తియ్యని రసం, అవుతుంది. సున్నం క్షారం కాబట్టి ఆ రసంలో వీటిలో ఏదీ సరిగా పెరగలేదు. నీరాతో సిర్కా ఎందుకు కాదో దీన్నిబట్టే అర్థమవుతుంది, సున్నం ముందు నుంచే దారి మూసేసింది.

వైన్ చేసేవాళ్లు భయపడేది, మనం కోరుకునేది

1860లలో ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్ చెడిపోయిన వైన్‌ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాడు. మంచి వైన్‌లో ఈస్ట్ కనిపించింది, చెడినదాంట్లో దాంతో పాటు సన్నని కడ్డీల్లాంటి జీవులు కనిపించాయి. వైన్‌కి వచ్చే జబ్బులకు బ్యాక్టీరియానే కారణమన్నాడు. అందుకే వైన్‌ని 50, 60 డిగ్రీల దాకా వేడి చేసే పద్ధతి కనిపెట్టాడు, ఇవాళ మన పాల ప్యాకెట్ మీద కనిపించే పాశ్చరైజేషన్ మాట ఆయన పేరు నుంచే వచ్చింది. వెనిగర్ పీపాల్లో పైన పరుచుకునే పొర ప్రాణమున్నదని, ఆ పొరే ఆల్కహాల్‌ని ఆమ్లంగా మారుస్తోందని తేల్చింది కూడా ఆయనే.

ఆ తర్వాత చాలా కాలం వైన్ చేసేవాళ్లకి బ్యాక్టీరియా అంటేనే భయం. నిజానికి ఎర్ర వైన్‌లలో దాదాపు అన్నిటికీ రెండోసారి పులియడం అవసరం, ఆ పని బ్యాక్టీరియాదే. ద్రాక్షరసంలో మాలిక్ ఆమ్లం ఉంటుంది, పచ్చి ఆపిల్ కొరికితే నాలుక మీద గుచ్చే పులుపు అదే. ఈనోకాకస్ ఈని అనే బ్యాక్టీరియా దాన్ని మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మార్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ద్రాక్షరసం చాలా పుల్లగా ఉండి, పైగా ఈస్ట్ పని అయ్యాక ఆల్కహాల్ కూడా ఉంటుంది కాబట్టి ఎక్కువ బ్యాక్టీరియా అక్కడ బతకలేదు, ఇది మాత్రం రెండిటినీ తట్టుకుంటుంది. కొన్ని తెల్ల వైన్‌లలో వచ్చే వెన్న వాసనకు కూడా ఇదే కారణం, ఆ వాసన డైఅసిటైల్ అనే పదార్థానిది. దీన్ని ఇంతకుముందు ల్యూకోనోస్టాక్ ఈనోస్ అనేవాళ్లు, 1995లో విడిగా పేరు పెట్టారు. మన లొట్టిలోని ల్యూకోనోస్టాక్‌కి ఇది దగ్గరి చుట్టమే.

వైన్ వాళ్లకు నిజంగా టెన్షన్ పెట్టేది ఎసిటిక్ బ్యాక్టీరియా. అందుకే పీపాలో ఖాళీ లేకుండా అంచు దాకా నింపుతారు, సల్ఫర్ డయాక్సైడ్ కలుపుతారు. వాళ్లు మూసేసే ఆ దారినే ఇప్పుడు మనం తెరవబోతున్నాం.

కల్లు ఎక్కడిది తెచ్చుకోవాలి

ఇక్కడ మాత్రం రాజీ పడకండి. మన దగ్గర క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం కలిపిన మందు కల్లు అమ్ముతూ దొరికిన కేసులు చాలా ఉన్నాయి. రుచి చూసో, వాసన చూసో దాన్ని ఇంట్లో పట్టుకోలేం. సిర్కాగా మారినంత మాత్రాన ఆ మందులు మాయమైపోతాయని నమ్మొద్దు. కాబట్టి ఏ కాంపౌండు (కల్లు దుకాణం) నుంచి వచ్చిందో తెలియని కల్లు వద్దు. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉన్న గౌడన్న దగ్గరికి పొద్దున్నే వనానికి వెళ్లి, చెట్టు దించి లొట్టి నుంచి వంచుతుండగా చూసి తెచ్చుకోండి. సిర్కా కోసమని ముందే చెప్తే మిగిలిపోయినది ఆయనే పక్కన పెడతాడు. మీరిచ్చే పైసలు కూడా ఆయన కష్టానికి నేరుగా అందుతాయి.

ఈత చలికాలంలో బాగా పారుతుంది, తాటి చెట్టు శివరాత్రికి అటూ ఇటూ మొదలై ఎండాకాలం పారుతుంది. రెండిటితోనూ సిర్కా అవుతుంది, కానీ మొదటిసారి చేసేవాళ్లకి ఈత కల్లే మేలని నేనంటాను. రుచి కోసం కాదు, వాతావరణం కోసం. ఎసిటిక్ బ్యాక్టీరియాకి 25 నుంచి 30 డిగ్రీలు హాయిగా ఉంటుంది. మే నెలలో వరంగల్‌లో 42, 43 డిగ్రీలు మామూలే, ఆ వేడికి అది నీరసపడుతుంది, ఆల్కహాల్ కూడా ఆవిరై పోతుంది. జనవరి చివర్లో మొదలుపెడితే మార్చి రెండో వారానికల్లా చేతికొస్తుంది, పెద్ద ఎండలు ఇంకా మొదలవ్వవు.

మొదటిసారికి మూడు లీటర్లు చాలు.

మొదటి వారం: గాలి తక్కువ

తెచ్చిన కల్లు ఇంకా తియ్యగా ఉంటే సిర్కాకి తొందరపడొద్దు. చక్కెరంతా ముందు ఆల్కహాల్ కావాలి. ఎంత ఆల్కహాల్ ఉంటే దాదాపు అంత ఆమ్లం వస్తుంది: లెక్క ప్రకారం 1 శాతం ఆల్కహాల్ నుంచి సుమారు 1 శాతం ఎసిటిక్ ఆమ్లం, చేతల్లో కాస్త తగ్గుతుంది. 5 శాతం ఆల్కహాల్ ఉన్న కల్లు నుంచి 4 శాతం పైన సిర్కా ఆశించొచ్చు. ఇంకా తియ్యగా ఉండగానే గాలికి తెరిచిపెడితే చక్కెర లోపలే మిగిలి, ఆమ్లం బలహీనంగా వచ్చి, పైన బూజు పట్టే అవకాశం పెరుగుతుంది.

కల్లును శుభ్రమైన గాజు సీసాలో ముప్పావు వంతు పోసి మూత వదులుగా పెట్టండి. గట్టిగా బిగించారంటే గ్యాస్ ఒత్తిడికి సీసా పగిలిపోతుంది, పిల్లలు తిరిగే ఇంట్లో అది చిన్న ప్రమాదం కాదు. రెండు మూడు రోజులకి బుడగలు తగ్గి, తీపి పోయి, అడుగున తెల్లని మడ్డి పేరుకుంటుంది. చలి ఎక్కువుంటే ఇంకో రోజో రెండు రోజులో పట్టొచ్చు. బుడగలు ఆగాక సీసాను కదపకుండా పైతేట మాత్రం వంచుకుని పల్చని నూలు బట్టలో వడకట్టండి. మడ్డిలో ఎక్కువ భాగం ఈస్టే, అది లోపల ఉంటే సిర్కాకి ఒక రకమైన ముక్కిపోయిన వాసన వస్తుంది.

తర్వాత నెలన్నర: గాలి ఎక్కువ

వెడల్పు మూతి గాజు జాడీ కానీ, లోపల గ్లేజు చెక్కుచెదరని పింగాణీ జాడీ కానీ తీసుకోండి. అల్యూమినియం, ఇత్తడి, రాగి గిన్నెలు అసలు వద్దు, ఆమ్లం లోహాన్ని తినేసి సిర్కాలోకి దింపుతుంది. గ్లేజు పగిలిన పాత జాడీలు కూడా వద్దు, పాతకాలం గ్లేజుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. జాడీని వేణ్ణీళ్లతో కడిగి ఆరబెట్టి, సగానికి కొంచెం పైదాకా మాత్రమే నింపండి. సన్నగా పొడుగ్గా ఉన్న సీసా కన్నా వెడల్పైనది మంచిదనేది ఎందుకంటే, బ్యాక్టీరియా పనంతా గాలీ కల్లూ కలిసే ఆ పై మట్టం మీదే జరుగుతుంది.

ఇప్పుడు తోడు వెయ్యాలి. పాలకి పెరుగు ఎలాగో కల్లుకి పాత సిర్కా అలాగ. గౌడన్న ఇంట్లో పాత సిర్కా ఉంటే అదృష్టమే, లేకపోతే సూపర్ మార్కెట్లో అడుగున మబ్బుగా మడ్డి కనిపించే, వడకట్టని, వేడి చెయ్యని, ‘మదర్’ ఉందని రాసిన ఆపిల్ సిడార్ వెనిగర్ కొనండి. నాలుగు వంతుల కల్లుకి ఒక వంతు అది పొయ్యండి. తెల్లగా నీళ్లలా ఉండే సింథటిక్ వెనిగర్ దీనికి పనికిరాదు, దాంట్లో ప్రాణమున్నదేదీ లేదు. తోడు వల్ల రెండు పనులు అవుతాయి: బ్యాక్టీరియా చేరుతుంది, దానితోపాటు మొదటి రోజు నుంచే పులుపు పెరిగి బూజుకి చోటు దొరకదు. తోడు లేకుండా గాల్లోంచి వచ్చేదానికే వదిలేసినా సిర్కా కావచ్చు కానీ నేను అలా చెయ్యమని చెప్పను, ఏది వచ్చి కూర్చుంటుందో మన చేతుల్లో ఉండదు.

మూతికి శుభ్రమైన నూలు బట్ట రెండు మడతలు వేసి రబ్బరు బిగించండి. గాలి ఆడాలి, చిన్న ఈగలు దూరకూడదు. వంటింట్లో పండిన అరటిపండు చుట్టూ తిరిగే ఆ సన్నని ఈగలు పులుపు వాసనకి గుంపుగా వస్తాయి, లోపల గుడ్లు పెడతాయి. జాడీని ఎండ పడని, పొయ్యికి దూరంగా ఉన్న మూలలో పెట్టి, ఇక కదపకండి.

వారం పది రోజులకి పైన పల్చని, కాస్త మెరిసే పొర ఏర్పడుతుంది. కొన్నిసార్లు అది మందంగా, జారుడుగా, చేత్తో ఎత్తేంత గట్టిగా అవుతుంది, దాన్నే తల్లి అంటారు, సీసా మీద రాసే ‘మదర్’ ఇదే. అది బ్యాక్టీరియా నేసిన సెల్యులోజ్, అంటే పత్తిలో ఉండే పదార్థమే. తరచూ బట్ట తీసి కలపడం వల్ల లాభం లేదు, పొర మునిగిపోతే దానికి గాలి అందక మళ్లీ మొదట్నుంచి కట్టుకోవాలి. మధ్యలో గోళ్ల రంగు తుడిచే మందు వాసన రావచ్చు. కంగారు పడకండి, ఆల్కహాల్, ఆమ్లం రెండూ ఉన్న దశలో ఇథైల్ ఎసిటేట్ అనే పదార్థం తయారవుతుంది, ఆ వాసన దానిదే. గాలి బాగా ఆడుతుంటే రెండు వారాల్లో తగ్గిపోతుంది.

పారబొయ్యాల్సినవి ఇవి. పైన నూగుగా నీలం, ఆకుపచ్చ, నలుపు రంగు బూజు వస్తే జాడీ మొత్తం పారబొయ్యండి, పై భాగం తీసేసి మిగతాది ఉంచుకోవద్దు. కుళ్లిన కోడిగుడ్డు వాసన, మురుగు వాసన వచ్చినా అంతే. తెల్లగా ముడతలు పడ్డ పొడి పొర వస్తే అది గాలికి పెరిగే ఒక రకం ఈస్ట్, హాని తక్కువ కానీ ఆల్కహాల్‌ని తినేస్తుంది, శుభ్రమైన గరిటెతో తీసేసి ఇంకొంచెం తోడు వెయ్యండి. గరిటెకి తీగలా సాగుతుంటే ల్యూకోనోస్టాక్ లాంటివి చక్కెరతో బంక చేశాయన్నమాట, అంటే మొదటి వారం చక్కెర పూర్తిగా అయిపోలేదు.

అయిందో లేదో తెలుసుకోవడం

నాలుగు వారాల తర్వాత ఒక చెంచా తీసి వాసన చూడండి. సారా వాసన అసలు లేకుండా ముక్కుకి నేరుగా సిర్కా ఘాటు తగిలితే దగ్గరికొచ్చినట్టే. సలాడ్‌కీ, మాంసం నానబెట్టడానికీ ఈ గుర్తు చాలు.

కానీ నిలవ పచ్చళ్లలో వాడాలంటే వాసన చాలదు, ఆమ్లం కనీసం 4 శాతం ఉందని కొలిచి తెలుసుకోవాలి. పీహెచ్ కాగితాలు దీనికి సరిపోవు, పులుపు ఉందని చెప్తాయి కానీ ఎంత శాతమో చెప్పవు. హన్మకొండలో ఇంటరో డిగ్రీయో కెమిస్ట్రీ చదివే పిల్లలు మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉంటే వాళ్ల లెక్చరర్‌ని అడిగి ల్యాబ్‌లో చేయించండి, అరగంట పని. 6 మిల్లీలీటర్ల సిర్కా పిపెట్‌తో తీసి, డిస్టిల్డ్ వాటర్ కలిపి పల్చన చేసి, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వెయ్యాలి. బ్యూరెట్ నుంచి 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ వదులుతూ లేత గులాబీ రంగు నిలబడే దగ్గర ఆపాలి. 6 మిల్లీలీటర్లే ఎందుకంటే అప్పుడు లెక్క సులువు, ఖర్చయిన ప్రతి మిల్లీలీటరూ 0.1 శాతం. 40 ఖర్చయితే 4 శాతం. కల్లులో లాక్టిక్ ఆమ్లం కూడా ఉంటుంది కదా, ఈ కొలతలో అదీ కలిసి వస్తుంది, అందుకే నిలవకి వాడేదైతే 45 దాకా వస్తేనే ఒప్పుకోండి. అంతకన్నా తక్కువ వస్తే ఫ్రిజ్‌లో పెట్టుకుని తాజా వంటల్లో వాడుకోవచ్చు.

అయిపోయాక అలాగే తెరిచి వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. ఆల్కహాల్ అయిపోతే ఈ బ్యాక్టీరియాలో కొన్ని రకాలు ఊరుకోవు, తాము చేసిన ఎసిటిక్ ఆమ్లాన్నే తినడం మొదలుపెట్టి కార్బన్ డయాక్సైడ్, నీళ్లుగా మార్చేస్తాయి. నెల తర్వాత చూస్తే సిర్కా చప్పబడి ఉంటుంది. కాబట్టి రుచి కుదరగానే వడకట్టి, చిన్న సీసాల్లో అంచు దాకా నింపి మూత బిగించండి, గాలి లేకపోతే అవి ఆగిపోతాయి. ఎక్కువ కాలం ఉంచాలంటే సీసాలను మూత వదులుగా నీళ్ల గిన్నెలో నిలబెట్టి, సిర్కా 65 డిగ్రీలకి చేరాక పది నిమిషాలు ఉంచి, మూత బిగించండి. ఇది పాశ్చర్ పద్ధతే. ఒక్క సీసా మాత్రం వేడి చెయ్యకుండా వదలండి, వచ్చేసారి తోడు దాంట్లోంచే.

ఎక్కడ వాడాలి, ఇంకెక్కడ ఇదే పని జరుగుతోంది

ఉల్లిగడ్డ చక్రాలు, కీర ముక్కలు, పచ్చిమిర్చి ఉప్పు వేసి ఈ సిర్కాలో గంటసేపు నానబెడితే మక్క రొట్టెతో, జొన్న రొట్టెతో చాలా బాగుంటుంది. చేపలు కడిగేటప్పుడు రెండు చెంచాలు పోస్తే నీచు వాసన పోతుంది. మన మామిడికాయ తొక్కులో మాత్రం వెయ్యకండి, దానికి సొంత పులుపు, ఉప్పు, నూనె చాలు. ఆరోగ్యమని పొద్దున్నే నేరుగా తాగడం కూడా వద్దు, పళ్ల ఎనామెల్‌నీ గొంతునీ కాలుస్తుంది.

ఈ బ్యాక్టీరియా కుటుంబాలు మన చుట్టూ ఎన్ని పనులు చేస్తున్నాయో చూస్తే కల్లు లొట్టి ఎంత పెద్ద బడో తెలుస్తుంది. ఇడ్లీ పిండిని పొంగించే వాటిలో ముఖ్యమైనది ల్యూకోనోస్టాక్. పాడి రైతులు మక్క చొప్పను ముక్కలు చేసి గాలి దూరకుండా తొక్కి పెట్టే పాతర గడ్డి నెలల తరబడి కుళ్లకుండా ఉండేది లాక్టిక్ బ్యాక్టీరియా చేసే పులుపు వల్లే. సిర్కా మీద తల్లిని నేసే రకంతోనే ఫిలిప్పీన్స్‌లో కొబ్బరినీళ్ల మీద నాటా డి కోకో అనే తీపి ముక్కలు పండిస్తారు, అదే సెల్యులోజ్‌ని శుద్ధి చేసి కాలిన గాయాల మీద వేసే పట్టీలు కూడా చేస్తున్నారు. జైమోమోనాస్‌ని ఇంధన ఇథనాల్ తయారీకి వాడుకోవాలని పరిశోధకులు దశాబ్దాలుగా పనిచేస్తున్నారు.

ఇంటి అవసరానికి మూడు నాలుగు లీటర్లు చేసుకోవడం వేరు, అమ్మడం వేరు. అమ్మాలనుకుంటే ముందు ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్, ఎక్కువ కల్లు ఒకచోట నిల్వ చెయ్యాల్సి వస్తుంది కాబట్టి దగ్గర్లోని ఎక్సైజ్ ఆఫీసులో అనుమతి సంగతి, రెండూ అడిగి తెలుసుకోండి. గీత సొసైటీలు కలిసి పూనుకుంటే ఇది బాగా నడిచే పని, గోవాలో కొబ్బరి కల్లు సిర్కా ఇప్పటికీ వంటింటి వస్తువే.

చెట్లు పారడం ఆగిపోయాక తోడుని కాపాడుకోవాలి కదా. వేడి చెయ్యని సీసాలో తల్లిని సిర్కాలో పూర్తిగా మునిగేలా వేసి, మూత పెట్టి, ఇంట్లో చల్లని చోట ఉంచండి. ఎండాకాలం, వానాకాలం అలాగే నెట్టుకొస్తుంది. కార్తీకంలో ఈత మళ్లీ పారడం మొదలయ్యాక, పులిసిన కల్లు కొంచెం వెడల్పు గ్లాసులో పోసి ఈ సిర్కా నాలుగో వంతు కలిపి చూడండి. రెండు వారాల్లో పొర కడితే తోడు బతికున్నట్టే, పెద్ద జాడీ మొదలుపెట్టొచ్చు.